థింసా రికార్డింగు: అరకు కొండల పాట ఆల్బంలోకి ఎక్కే తీరు

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు వైపు కొండ గూడేల్లో థింసా అంటే ఆట, పాట, వాద్యం మూడూ కలిసిన ఒకే పని. దాన్ని క్యాసెట్‌లోకో ఫోన్‌లోకో ఎక్కించాలంటే ముందు విడదీయాలి. విడదీశాక ఏం మిగులుతుందన్నదే ఇక్కడి రికార్డింగుకు మొదటి నుంచీ ఉన్న చిక్కు. తెలుగు సినిమా పాట మనకు అలవాటు చేసిన పద్ధతిలో ఒక్కో వాద్యాన్నీ వేరువేరుగా, చాలాసార్లు వేరువేరు ఊళ్లలో రికార్డు చేసి చివర్న కలుపుతారు. రాక్ బ్యాండ్ల పాత పద్ధతి ఇది కాదు. డ్రమ్ములు, బేసు, గిటారు వాయించేవాళ్లు ఒకే గదిలో ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఒకేసారి వాయిస్తారు. బాగా వచ్చిన టేక్‌ను అట్టేపెట్టుకుని మిగతావి దాని మీద పేరుస్తారు. కొండ సంగీతానికి నప్పేది ఈ రెండో పద్ధతే. బ్యాండు కుర్రాళ్లు అరకు వాద్యాలతో ఆల్బం చేయాలనుకున్నా, వాద్యకారులే తమ ఆల్బం తాము చేసుకోవాలనుకున్నా తెలుసుకోవాల్సిన సంగతులు దాదాపు ఒకటే.

ఏమేం మోగుతాయి

థింసా బృందంలో మోరి, తుడుము, కిరిడి, డప్పు, జోడుకొమ్ములు ఉంటాయి. రాగం నడిపేది మోరి. సన్నాయి జాతి వాద్యం, పీక నోట్లో పెట్టి ఊదుతారు, కొండ అవతలి గూడేనికి కూడా వినిపిస్తుంది. ఒడిశాలోని కోరాపుట్ వైపు దీన్నే మొహురి అంటారు, ఆటను ఢెంసా అంటారు. రాష్ట్రాల సరిహద్దు ఈ సంగీతానికి పట్టదు. తుడుము, కిరిడి, డప్పు చర్మవాద్యాలు. భగత, వాల్మీకి, పొరజ, ఖోండు, గదబ, కొండదొర, మూకదొర, కొటియ తెగలవాళ్లు ఈ ఆట ఆడతారు. పాట ఉంటే ఎక్కువగా ఆదివాసీ ఒడియాలో సాగుతుంది. ఇంట్లో ఏ భాష మాట్లాడేవాళ్లకైనా సంతలో అందరినీ కలిపే భాష అదే.

ఆటలో రకాలున్నాయి. బోడ థింసా గ్రామదేవత కోసం ఆడేది. పొతర్ తోలలో ఆకులు ఏరే తీరు కనిపిస్తుంది. బాగ్ థింసా పులి బారి నుంచి తప్పించుకునే ఆట. కుండ థింసాలో భుజాలతో ఒకరినొకరు తోసుకుంటారు. నాటికారి ఒంటరిగా ఆడేది. బాయ థింసా దేవత పూనినప్పటిది. రికార్డు చేసేవాళ్లకు ఈ జాబితా వట్టి అలంకారం కాదు. ఏ ఆటకు ఎంత వేగం, ఎంతమంది, ఎక్కడ వంగి ఎక్కడ లేస్తారన్నది తెలిస్తేనే మైకు ఎక్కడ పెట్టాలో తేలుతుంది.

ఆడవాళ్లు చేతులు వెనక నుంచి ఒకరి నడుం మీదుగా ఒకరు పట్టుకుని గొలుసు కడతారు. ఆ గొలుసు అర్ధచంద్రంగా, వలయంగా, పాములాగా మెలికలు తిరుగుతూ పోతుంది. పాదాలు ఒక్కసారి పడతాయి, అందెలు ఒక్కసారి మోగుతాయి. డప్పు, తుడుము చప్పుడుతో పాటు ఈ పాదాల చప్పుడు కూడా తాళమే. స్టూడియోకి వాద్యకారులను మాత్రమే పిలిచి, ఆడేవాళ్లను ఇంటి దగ్గర వదిలేసి చేసిన రికార్డింగుల్లో లయ డొల్లగా వినిపించడానికి కారణం ఇదే. వాయించేవాళ్ల కళ్లు ఆడేవాళ్ల కాళ్ల మీద ఉంటాయి. కాళ్లు లేకపోతే వేగం ఎప్పుడు పెంచాలో వాళ్లకు చెప్పేవాళ్లు ఉండరు.

పుస్తకం నుంచి ఫోను దాకా

ఈ కొండల పాటలు ధ్వనిగా నిలవడానికి ముందు అక్షరాల్లో నిలిచాయి. పర్లాకిమిడిలో పనిచేసిన గిడుగు వెంకట రామమూర్తి సవరలతో మెలిగి, వాళ్ల భాష నేర్చుకుని, మాటలూ పాటలూ కథలూ రాసుకున్నారు. ఆయన సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. తర్వాత భద్రిరాజు కృష్ణమూర్తి అరకు ప్రాంతపు కొండ లేదా కూబి భాష మీద చేసిన అధ్యయనం 1969లో అచ్చయింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగును తెలుగువాళ్లు ఏటా ఆగస్టు 29న తలుచుకుంటారు. సవర పాటలను మొదట శ్రద్ధగా చెవిన పెట్టుకున్న మనిషిగా కూడా ఆయన్ను అంతే తలుచుకోవాలి.

భారతదేశంలో గ్రామఫోను రికార్డింగు 1902లో కలకత్తాలో మొదలైంది. ఫ్రెడ్ గైస్‌బర్గ్ గౌహర్ జాన్ పాట రికార్డు చేసింది అప్పుడే. 1908 నాటికి కలకత్తాలోనే రికార్డులు అచ్చుపోసే కర్మాగారం వచ్చింది. వ్యాపారం నగరాల చుట్టూ, పేరున్న గాయనుల చుట్టూ తిరిగింది కాబట్టి కొండల దాకా రాలేదు. జార్జ్ గ్రియర్సన్ నడిపిన భాషా సర్వే మాత్రం 1910ల నుంచి 1920ల చివరి దాకా దేశంలోని భాషల గొంతులను పళ్లేల్లోకి ఎక్కించింది. బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథను భాష తర్వాత భాషలో చెప్పించారు, కొన్నింట్లో పాటలూ ఉన్నాయి. నిమిషానికి 78 చుట్లు తిరిగే ఆ పళ్లెంలో ఒక వైపు పట్టేది మూడు నిమిషాలు, కాస్త అటూఇటుగా. రాత్రంతా సాగే ఆటకు అంత చిన్న కొలత పెట్టడం అప్పుడే మొదలైంది. మన సినిమా పాట నిడివి, రేడియో పాట నిడివి, ఇవాళ్టి రీలు నిడివి అన్నీ ఆ కత్తిరింపుకు వారసులే.

ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రం 1963లో మొదలైంది. జానపదం, గిరిజన సంగీతం పావుగంట, అరగంట కార్యక్రమాలుగా ఇళ్లకు చేరాయి. రేడియో స్టూడియోలు ప్రతిధ్వని లేకుండా, మాట స్పష్టంగా వినపడేలా కట్టినవి. తుడుము మాత్రం నాలుగు దిక్కులా కొండలుంటేనే నిండుగా మోగుతుంది. అలాంటి గదిలో అది అట్టపెట్టె మీద కొట్టినట్టు వినిపించడంలో వింతేమీ లేదు.

మైదానం వైపు ఉత్తరాంధ్రలో పాటకు మరో దారి దొరికింది. జముకుల కథ ఇక్కడి పాత కళారూపం. జముకు అడుగున తోలు బిగించి, మధ్యలో తీగ కట్టి, తీగను లాగి వదులుతూ మీటే వాద్యం. లాగే బిగువును బట్టి స్వరం పైకీ కిందికీ జారుతుంది. బేసు గిటారు వాయించే కుర్రాళ్లు దాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకుంటే వదలరు. శ్రీకాకుళం గిరిజన పోరాట కాలంలో సుబ్బారావు పాణిగ్రాహి ఈ రూపాన్ని రాజకీయ ప్రచారానికి మలిచారు. 1972లో పుట్టిన జన నాట్య మండలి వ్యవస్థాపకుల్లో ఒకరైన వంగపండు ప్రసాదరావు ఇదే నేల యాసలో పాటలు కట్టి ఊరూరా పాడారు. క్యాసెట్లు వచ్చాక ఆ పాటలు మనిషి వెళ్లలేని చోటికి కూడా వెళ్లాయి. స్టూడియో మెరుగులు లేని రికార్డింగులు అవి. డప్పు ముందుకొచ్చి గొంతును మింగేస్తుంది, కోరస్ ఒక్కోసారి మైకుకు అందదు, అయినా జనం అరిగేదాకా విన్నారు. 2020లో వచ్చిన ‘పలాస 1978’ సినిమాలో రఘు కుంచె ఉత్తరాంధ్ర జానపదం పట్టుకుని చేసిన పాటలు మారుమోగడానికి కూడా ఆ యాస మీద జనానికున్న మమకారమే మూలం.

క్యాసెట్ పోయాక సంతలో చిప్‌లో పాటలు ఎక్కించే దుకాణాలు వచ్చాయి, వాటి వెనకే యూట్యూబ్. కోరాపుట్ వైపు ఒడియా యాస అయిన దేశియాలో వచ్చే పాటల వీడియోలు అరకు ఫోన్లలో మోగుతాయి. కీబోర్డు, ఆక్టోప్యాడ్‌తో చేసిన ఈ పాటల్లో మోరి చాలాసార్లు కీబోర్డు మీటల్లోంచి వస్తుంది. దీన్ని చూసి మొహం చిట్లించుకునే పెద్దమనుషులు ఉన్నారు. కానీ తమ పాటను తామే రికార్డు చేసుకుని, తామే పెట్టుకునే వీలు ఈ కొండల యువతకు మొదటిసారి వచ్చింది ఇప్పుడే. ఆ లెక్కన ఇది చిన్న సంగతేం కాదు.

ఒకే గదిలో, ఒకేసారి

బీటిల్స్ మొదటి ఆల్బం ‘ప్లీజ్ ప్లీజ్ మీ’లో ఎక్కువ భాగం 1963 ఫిబ్రవరి 11న, లండన్‌లోని ఇఎంఐ స్టూడియోలో ఒక్క రోజులో రికార్డయింది. యంత్రంలో ఉన్నవి రెండే ట్రాకులు. కచేరీలో వాయించినట్టు వాయించారు, అంతే. నాలుగేళ్లు తిరిగేసరికి అదే బృందం ‘సార్జెంట్ పెప్పర్స్’ కోసం 1966 నవంబరు నుంచి 1967 ఏప్రిల్ దాకా స్టూడియోలో కూర్చుంది. నాలుగు ట్రాకుల టేపు మీద పొర మీద పొర వేసుకుంటూ పోయింది. ఇవాళ ల్యాప్‌టాప్‌లో వందలాది ట్రాకులు ఉంటాయి, పొరలు వేయడానికి అడ్డే లేదు. పొరలు వేయగలగడం వేరు, వేయాల్సిన అవసరం ఉండటం వేరు.

స్టూడియో వదిలి బయటికొచ్చి చేసిన రాక్ ఆల్బంల అనుభవం అరకుకు ఇంకా దగ్గరగా ఉంటుంది. 1971లో లెడ్ జెప్లిన్ హ్యాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో దిగింది. జాన్ బోనమ్ డ్రమ్ములను మెట్ల హాల్లో పెట్టి, ఇంజనీరు ఆండీ జాన్స్ పై అంతస్తు నుంచి రెండు మైకులు వేలాడదీశాడు. డ్రమ్ము దగ్గర మైకు లేదు, గది మొత్తం మోగింది. అదే ఏడు డిసెంబరులో డీప్ పర్పుల్ స్విట్జర్లాండ్‌లో మాంత్రోలోని కాసినోలో రికార్డు చేయబోతే, ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ఆ కాసినో తగలబడిపోయింది. ఖాళీగా ఉన్న గ్రాండ్ హోటల్ వసారాలో పరుపులు అడ్డం పెట్టుకుని, బయట నిలిపిన లారీలోని రోలింగ్ స్టోన్స్ మొబైల్ స్టూడియోకి తీగలు లాగి ‘మెషీన్ హెడ్’ పూర్తి చేశారు. ఆ లారీలో ఉన్నంత సామాను ఇప్పుడు వీపు సంచిలో పడుతుంది. ఎనిమిది మైకులు తీసుకునే బ్యాటరీ రికార్డరు, స్టాండ్లు, తీగలు ఉంటే అరకు చేలోనే పని జరుగుతుంది.

ఒకే గదిలో ఒకేసారి వాయిస్తే ఒక వాద్యం చప్పుడు ఇంకో వాద్యం మైకులోకి దూరుతుంది. సినిమా పాటల ఇంజనీరు దీన్ని తప్పుగా లెక్కేస్తాడు. ఈ కలయిక లేకపోతే పాత రాక్ రికార్డుల్లో ఉన్న ఊపు ఉండదు. థింసా విషయంలో కలయికను తప్పించాలని చూడటం అనవసర ప్రయాస. మోరి అంత బిగ్గరగా ఊదేవాళ్ల పక్కన ఏ మైకూ ఒంటరిగా ఉండలేదు.

శ్రుతి, వేగం, చర్మం

గిటారుకు శ్రుతి మనిషి పెట్టుకున్నది. మోరికి శ్రుతి పీకలో, ఊపిరిలో, ఆ పూట చలిలో ఉంటుంది. ఊదడానికి ముందు పీకను నోట్లో తడుపుకుంటారు. మొదటి పావుగంటలో స్వరం కాస్త కాస్తగా పైకి జరుగుతుంది. రెండు మోరులు ఒకదానికొకటి వెంట్రుకవాసి తేడాతో పలుకుతాయి, ఆ రాపిడిలోంచే ఆ పదును పుడుతుంది. ఇలాంటిదాన్ని కంప్యూటరులో సరిచేసి 440 హెర్ట్జ్ కొలతకు లాగితే రాపిడి పోతుంది, రాపిడితో పాటు ప్రాణం పోతుంది. సరైన దారి తలకిందులుగా ఉంటుంది. మోరి వేడెక్కాక స్వరం పట్టుకుని, గిటార్లు, బేసు దానికి శ్రుతి చేసుకోవాలి. తీగ బిగించడం, వదులు చేయడం నిమిషం పని. కీబోర్డుకైతే మీట తిప్పితే చాలు. 1966లో బీటిల్స్ ‘స్ట్రాబెర్రీ ఫీల్డ్స్ ఫరెవర్’ కోసం వేరువేరు శ్రుతుల్లో, వేరువేరు వేగాల్లో ఉన్న రెండు టేకులను, టేపు నడిచే వేగం మార్చి, నిర్మాత జార్జ్ మార్టిన్, ఇంజనీరు జెఫ్ ఎమెరిక్ అతికించారు. శ్రుతి అనేది సర్దుకోగల వస్తువని రాక్ స్టూడియోకి అరవై ఏళ్ల కిందటే తెలుసు.

వేగం సంగతీ అంతే. వేగం తప్పకుండా చెవిలో క్లిక్ చప్పుడు పెట్టుకుని వాయించడం ఇప్పుడు రికార్డింగులో మామూలైపోయింది. థింసా నెమ్మదిగా మొదలై, ఆట ముదిరేకొద్దీ వేగం అందుకుంటుంది. క్లిక్‌కు కట్టేస్తే వాయించేవాళ్లు తప్పకుండా వాయించగలరు, కానీ ఆడేవాళ్లు ఆడలేరు. ముందు ఆటను ఆటగా రికార్డు చేసుకుని, తర్వాత కంప్యూటరులో తాళం గళ్లను ఆ తుడుము దెబ్బలకు తగ్గట్టు సాగదీసుకోవచ్చు. అప్పుడు ఎలక్ట్రానిక్ చప్పుళ్లు కూడా ఆట వెంటే నడుస్తాయి. పాల్ సైమన్ ‘గ్రేస్‌లాండ్’కు చేసింది కొంతవరకు ఇదే. 1985లో జోహన్నెస్‌బర్గ్ వెళ్లి, అక్కడివాళ్లు వాయించుకుంటుంటే ఇంజనీరు రాయ్ హలీ రికార్డు చేశాడు. మాటలు, పాటలు వాటి మీద తర్వాత కట్టారు.

ఇక చర్మం. అరకు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది. పొద్దున మంచు, సాయంత్రం చెమ్మ. డప్పు, తుడుము తేమకు మెత్తబడతాయి, స్వరం దిగిపోతుంది. ఎండుగడ్డి మంట మీద కాచుకుంటే బిగుస్తాయి. కాచిన వెంటనే గట్టిగా, పొడిగా మోగి, వాయించేకొద్దీ మళ్లీ దిగుతాయి. బయటి నుంచి వచ్చిన ఇంజనీరు సామాన్యంగా తడబడేది ఇక్కడే. డప్పు కాచిన వెంటనే స్థాయి చూసుకుని మీటలు బిగిస్తాడు, మూడో టేక్ వచ్చేసరికి చప్పుడు వేరే డప్పుదిలా ఉంటుంది. ప్రతి టేక్‌కు ముందు మళ్లీ కాచమని అడగాలి, మంట దగ్గర ఓపిగ్గా నిలబడాలి. ఆ విరామంలోనే మోరి అతను పీక మార్చుకుంటాడు, ఆడవాళ్లు నీళ్లు తాగుతారు, ఎవరో ఒకరు ఇందాకటి టేక్‌లో ఎడమ కొసన అడుగు తప్పిందని చెబుతారు. ఆ మాట వినడం ఇంజనీరుకు మీటర్లు చూడటం కంటే ఎక్కువ ఉపయోగం.

మైకులు పెట్టే తీరులో కొన్ని గట్టి సూత్రాలున్నాయి. మోరి చప్పుడు గొట్టం మూతి నుంచే కాదు, రంధ్రాల నుంచి కూడా వస్తుంది. అందుకే మూతికి ఎదురుగా మైకు పెడితే సగం వాద్యమే దొరుకుతుంది, అదీ చెవులు చిల్లులు పడేలా. రెండు మూడు మీటర్ల దూరంలో, కాస్త పై నుంచి పట్టాలి. వలయం మధ్యలో ఎత్తయిన స్టాండు మీద జంట మైకులు, నేలకు జానెడు ఎత్తులో పాదాల కోసం ఒకటి, చర్మవాద్యాల దగ్గర రెండు, గాలికి బొచ్చు తొడుగులు. గాలిలో ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది కాబట్టి పది మీటర్ల అవతల పడిన అడుగు మైకుకు 30 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. గొలుసు తిరుగుతున్నకొద్దీ ఈ ఆలస్యం మారుతుంటుంది. వినేవాడికి మనుషులు తన చుట్టూ తిరుగుతున్నట్టు అనిపించేది దీనివల్లే. ఆ మైకును కంప్యూటరులో ముందుకు జరిపి సరిచేస్తే అందరూ ఒకే చోట నిలబడిపోతారు. అందెల చప్పుడు సన్నని, పదునైన ధ్వని. తక్కువ నాణ్యత ఎంపీ3లో మొదట చెడేది అదే. అందుకే మూల రికార్డింగు 24 బిట్లలో, మోరి ఎగిరిపడేందుకు పైన చోటు వదిలి చేయాలి.

కొండ మీద స్టూడియో

పడమటి దేశాల్లో రాక్ బృందాలు కొండల్లో, పల్లెల్లో స్టూడియోలు కొనుక్కుని నెలల తరబడి ఉండేవి. అరకులో బయటివాళ్లకు ఆ దారి లేదు, ఉండకూడదు కూడా. షెడ్యూల్డ్ ప్రాంతాల భూ బదలాయింపు నిబంధనలు 1959లో వచ్చి, 1970 సవరణతో గట్టిపడ్డాయి. ఇక్కడ అందరూ 1/70 చట్టం అంటారు. దీని ప్రకారం గిరిజనేతరులు ఇక్కడ భూమి కొనలేరు, కౌలుకూ తీసుకోలేరు. ప్రభుత్వం కూడా ప్రైవేటు సంస్థలకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది అనంతగిరి, బొర్రా ప్రాంతపు గనుల లీజుల మీద నడిచిన కేసు. కొండ మీద శాశ్వత స్టూడియో అంటూ వస్తే అది గిరిజనులదే కావాలి. బయటివాళ్లు సామాను మోసుకొచ్చి, పని చేసుకుని, మోసుకుపోవాలి.

చప్పుడు లేని చోటు దొరకడం అనుకున్నంత తేలిక కాదు. కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మీద బైలదిల్లా ఇనుప ఖనిజం మోసే గూడ్సులు విశాఖ రేవుకు దిగుతుంటాయి. వాటి గుడగుడ నేల గుండా మైకు స్టాండుకు పాకుతుంది. 80 హెర్ట్జ్ కింద కోసేస్తే రైలు పోతుంది కానీ తుడుము అడుగు స్వరం కూడా దాంతోనే పోతుంది. రైళ్ల వేళలు కనుక్కుని టేకులు పెట్టుకోవడమే మేలు. వారాంతాల్లో, చలికాలం సెలవుల్లో పర్యాటకుల వాహనాలు, రిసార్టుల జనరేటర్లు. వానాకాలంలో చర్మవాద్యాలు సహకరించవు. సంక్రాంతి తర్వాత నుంచి, చైత్రంలో ఇటుకల పండగ దాకా అనువైన కాలం. పండగలోనే రికార్డు చేస్తే ఊపు సహజంగా వస్తుంది, టేక్ మళ్లీ అడగడం మాత్రం కుదరదు. బొర్రా గుహల్లో ప్రతిధ్వని చూసి అక్కడ రికార్డు చేయాలని ముచ్చటపడేవాళ్లకు ఒక మాట: పైనుంచి నీటి చుక్కలు, గబ్బిలాలు, టికెట్టు కొనుక్కుని వచ్చే జనం, మూడూ మీ ట్రాకులో ఉంటాయి.

పేరు, డబ్బు, హక్కు

1968లో రోలింగ్ స్టోన్స్ బృందానికి చెందిన బ్రయాన్ జోన్స్ మొరాకోలోని రిఫ్ కొండల దగ్గర జజౌకా అనే పల్లెకు ఇంజనీరుతో వెళ్లి, అక్కడి వాద్యబృందాన్ని రికార్డు చేశాడు. వాళ్లు ఊదే ఘైతా మన మోరి లాంటి పీక వాద్యమే. 1969లో జోన్స్ చనిపోయాడు, 1971లో ఆల్బం వచ్చింది. స్టూడియోలో దాని మీద రకరకాల మెలికలు వేశారు. అట్ట మీద మొదట కనిపించేది సమర్పకుడి పేరు, వాయించినవాళ్ల ఊరు పేరు తర్వాత. అయినా ఆ పల్లెకు ప్రపంచమంతా పేరొచ్చిందన్నది కూడా నిజమే.

అంతకన్నా చేదైనది ఆఫునక్వా కథ. సోలొమన్ దీవుల్లోని మలైటాలో ఆమె పాడిన జోలపాటను హ్యూగో జెంప్ అనే సంగీత శాస్త్రవేత్త రికార్డు చేశారు. 1992లో డీప్ ఫారెస్ట్ అనే ఫ్రెంచి బృందం ఆ గొంతును కత్తిరించి ‘స్వీట్ లల్లబై’ చేసింది. ఆల్బం లక్షల్లో అమ్ముడైంది, వాణిజ్య ప్రకటనల్లో మోగింది, పాడినామె పేరు ఎక్కడా లేదు. జెంప్ బహిరంగంగా నిలదీశారు. ‘గ్రేస్‌లాండ్’ విషయంలో దక్షిణాఫ్రికా మీద ఉన్న సాంస్కృతిక బహిష్కరణను ఉల్లంఘించాడని సైమన్ మీద విమర్శలు వచ్చినా, వాద్యకారులకు న్యూయార్క్ యూనియన్ రేటుకు మూడింతలు చెల్లించాడు, కొన్ని పాటల రచనలో వాళ్ల పేర్లు కలిపాడు.

మన దగ్గర నల్లమల వైపు చూస్తే, 12 మెట్ల కిన్నెర మొగులయ్య 2021లో ‘భీమ్లా నాయక్’ పాట మొదట్లో వినిపించి ఇంటింటికీ తెలిశారు, 2022లో పద్మశ్రీ అందుకున్నారు. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కూలి పని చేస్తూ కనిపించారని పత్రికలు రాశాయి. అదే 2022లో పద్మశ్రీ పొందిన సకిని రామచంద్రయ్య కోయ డోలి కళాకారుడు, సమ్మక్క సారలమ్మ వంశగాథలు కోయ భాషలోనూ తెలుగులోనూ పాడేవారు. 2024లో కన్నుమూశారు. అలాంటి మనిషి గొంతును నిడివి కత్తిరించకుండా రికార్డు చేసి పెట్టడం కోటి వ్యూల పాట కంటే ముందు జరగాల్సిన పని.

చట్టం ఇప్పుడు కొంత అండగా ఉంది. సంప్రదాయ పాటకు ఒక రచయిత ఉండడు కాబట్టి దాని మీద ఎవరికీ కాపీరైటు రాదు. కానీ దాన్ని ఫలానా రోజు పాడిన, వాయించిన మనిషికి హక్కు ఉంటుంది. 1957 కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రదర్శకుల హక్కును చేర్చింది. 2012 సవరణ ఆ ప్రదర్శన వ్యాపారంగా వాడినప్పుడు రాయల్టీ అడిగే వీలునూ, తన ప్రదర్శనకు తన పేరు ఉండాలని పట్టుబట్టే వీలునూ ఇచ్చింది. ఈ హక్కు 50 ఏళ్లు ఉంటుంది.

కాగితం మీద పెట్టేటప్పుడే ఇబ్బంది. బృందం నాయకుడికి డబ్బిస్తే అతను పంచుతాడు, సంతకం అతనొక్కడిదే ఉంటుంది. మిగతా పదిహేను, ఇరవై మంది ఎవరో రికార్డు అట్ట మీద ఎక్కడా కనపడదు. ఒప్పందం తెలుగులో, వీలైతే ఆదివాసీ ఒడియాను తెలుగు లిపిలో రాసి, అందరికీ చదివి వినిపించి, ఒక్కొక్కరి పేరూ గూడెమూ రాసుకోవాలి. ఆడినవాళ్లు పాడలేదు, వాయించలేదు కదా అని వదిలేయడం మామూలు. కాపీరైటు చట్టం ప్రదర్శకులంటే ఎవరో చెబుతూ గాయకులు, వాద్యకారులతో పాటు నర్తకులను కూడా పేరు పెట్టి చేర్చింది. ట్రాకులో పాదాలూ అందెలూ వినిపిస్తున్న ప్రతి మహిళా ఆ జాబితాలోకి వస్తుంది.